సున్నానికి ఎరుపెక్కని పసుపు

చెరకు బండి చక్రం దాసు కాలి మీదుగా పోయిన సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుస ఒక్కసారిగా కదిలినప్పుడు, కునికిపాటు పడుతున్న ఆ కోటగిరి బండివాడు నొగల మీంచి జారి కింద పడ్డాడు. మిషన్ దవాఖానకు మోసుకొచ్చారు. అక్కడ వార్డు చూసుకునే నర్సు శారమ్మ వాడి సొంత అక్క. పుండు ఎముక దాకా దిగింది. అందులో చేరిన క్రిమి అలమారలో ఉన్న ఏ మందుకూ లొంగలేదు. హైదరాబాదు నుంచి గట్టి సూది తెప్పించి వేస్తే, క్రిమి చావకముందే దాసుకు చెవుల్లో హోరు పుట్టి, ఒంటికి నీరు పట్టింది. అదీ ఆపేశారు. ఇక డాక్టరు రామస్వామి వేరే దారి పట్టాడు. మందులన్నీ బంద్. పొద్దూ మాపూ ఉప్పునీళ్లతో కడగడమే వైద్యం. ముఖ్యంగా ఆ పచ్చటి టెట్రాసైక్లిన్ పొడి చిటికెడు కూడా వార్డు గడప దాటి లోపలికి రాకూడదు. "రాదు సార్," అని శారమ్మ మాటిచ్చింది. కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత పుండు మళ్లీ చీము పట్టింది. పరీక్షగది లాజరు వార్డుకు వచ్చి, "డాక్టరుసాబ్ పిలుస్తున్నడు సిస్టరమ్మా, జల్ది రా," అని ముఖం పక్కకు తిప్పుకున్న దగ్గర పోయినవారం ఆగాం.

పరీక్షగది ఒకప్పటి సామాన్ల కొట్టు. ఒకే కిటికీ. గానుగ కాలం కావడంతో బోధన్ వైపు నుంచి బెల్లపు మడ్డి వాసన కమ్ముకొస్తోంది. ఆ కాలంలో ఆ వాసన అన్నంలోనూ ఉంటుంది, కప్పుకున్న దుప్పటిలోనూ ఉంటుంది. కిటికీ పక్కన బల్ల మీద మూతపెట్టిన గాజు పళ్లేలు రెండు పెట్టి ఉన్నాయి. డాక్టరు రామస్వామి కుర్చీలో కూర్చోలేదు. నిలబడి ఉన్నాడు. నిజామాబాదులో పుట్టి పెరిగిన మనిషి. మామూలుగా ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడుతూ ఉంటాడు. ఆ పొద్దు ఆడలేదు.

"ఇది దాసు వచ్చిన కొత్తల అతని పుండు నుంచి తీసి పెంచింది," అని ఒక పళ్లెం జరిపాడు. "ఇది మొన్న తీసింది. చూడు శారమ్మా."

మొదటి పళ్లెంలో గసగసాలు చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు. రెండో దాంట్లో సగ్గుబియ్యం గింజల్లా ఉబ్బి, నిగనిగలాడుతూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"పెద్దగైనయి సార్."

"నేను గూడ గదే చూసి సంబరపడ్డ. మందుకు లొంగే రకం గట్లనే పెరుగుతది, గింత పెద్దగ. సరే, లొంగే రకం గెలిచింది, మొండిది ఓడింది, ఇగ మామూలు మందుతోని పని అయిపోతదనుకున్న. అప్పుడు లాజరు బిళ్ల చూపెట్టిండు."

పళ్లెం నడుమ మందు అద్దిన కాగితపు బిళ్ల ఉంది. క్రిమి ఆ మందుకు లొంగేదైతే బిళ్ల చుట్టూ కొంత మేర ఖాళీగా ఉండాలి. ఇక్కడ ఖాళీ లేదు. సగ్గుబియ్యం గింజలు బిళ్ల అంచు దాకా వచ్చి, దాని మీదికి ఎక్కబోతున్నట్టు ఆగాయి.

"రాత్రి నేనే చూసిన," అన్నాడు లాజరు మెల్లగా. "బిళ్ల పాతదేమోనని ఇంకోటి పెట్టిన. పొద్దుగాల చూస్తె గట్లనే ఉన్నది."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ మొండి పురుగు లోపల ఒక మోటరు పెట్టుకుంటది శారమ్మా. మందు లోపలికి రాంగనే బయటికి తోడి పారబోస్తది. గందుకే చావదు. కని మోటరు ఊరికె నడుస్తదా? దాని తిండంత ఆ మోటరే తింటది. గందుకే మొండిది ఎదగక సన్నగుంటది. మందు లేనిచోట ఆ మోటరు దండుగ బరువు. మోటరు లేని పురుగులు దాన్ని దాటి ఎదుగుతయి. మనం మందు ఎందుకు బంద్ పెట్టినమో గదే లెక్క. బరువు మోసేటోడు అలిసి ఓడిపోవాలని."

శారమ్మ బండివాళ్ల ఇంట పుట్టింది. ఆమెకు ఆ మాటలు చెవిన పడుతుండగానే కోటగిరి తోవ కళ్లముందు కదిలింది. నిండు చెరకు బండికి కట్టిన ఎద్దులు, వాటి పక్కనుంచి ఖాళీ బండితో దాటిపోయే ఎద్దులు. ఖాళీ బండే ముందు ఊరు చేరుతుంది. అందులో వింతేమీ లేదు. అయితే బాపు చెప్పేవాడు, ఏళ్ల తరబడి నిండు బండే లాగిన ఎద్దు ఒకటి ఉండేదట. దాని మెడ కాయ కాసి, నడుము దిగి, నడక మారిపోయింది. నిండు బండితోనే ఖాళీ బండ్లను దాటుకుంటూ పోయేదట.

"అలవాటు పడ్డదా సార్?" అంది.

డాక్టరు ఆమె వైపు చూశాడు. "అంతే. మోటరు తీసెయ్యలేదు. దాన్ని మోసుకుంటనే ఉరుకుడు నేర్చుకున్నది. కోట్లల్ల ఒక్కదానికి ఆ ఉపాయం దొరికితె చాలు, దాని పిల్లలే మిగులుతయి. ఇగ మందు ఉన్నా లేకున్నా దానికి ఒకటే."

కిటికీ బయట లారీ ఒకటి చెరకుతో మూలుగుతూ పోయింది. 

"నాకు అర్థం కానిది ఒక్కటే," అన్నాడు డాక్టరు. "మందు బంద్ పెట్టినాక మొండిది తొందరగ ఓడిపోవాలె. ఉపాయం దొరికే దాక దానికి టైం దొరకొద్దు. ఆ సందు ఎట్ల దొరికింది? ఎక్కడనో ఒకచోట ఆ మందు దానికి రోజూ ఇంత తగులుతనే ఉండాలె. తగులుతుంటె పక్క పురుగులు చస్తయి. ఇది ఒక్కటే మిగిలి, నిమ్మళంగ నేర్చుకుంటది."

డాక్టరు రెండో పళ్లేన్ని పక్కకు జరిపాడు.

"లాజరు కొత్తగ తీసి మళ్ల పెడుతున్నడు. ఈ పళ్లెమే తప్పయితె మంచిదే. ఇంకొన్ని రోజులు కాలు తియ్యకుంట ఆగుతా. కని మందు నిజంగనే తగులుతున్నదంటె, ఆగుడుకు అర్థం లేదు. ఆగిన కొద్దీ విషం ఎముకల పైకి ఎక్కుతది. మోకాలు పైన తీసెయ్యాలె, రేపే." ఆయన గొంతు తగ్గింది. "నీ వార్డు. నీ తమ్ముడు. నిన్నే అడుగుతున్న. ఆ మందు ఎక్కడన్న ఉన్నదా?"

"లేదు సార్," అంది శారమ్మ. అన్నప్పుడు అది నిజమనే అనుకుంది.

*

వార్డులో దాసు గోడకు జారగిలబడి, కిటికీలోంచి రోడ్డు మీద పోయే బండ్లను చూస్తున్నాడు. ఎవరి బండి ఎంత ఎత్తు కట్టిందో, ఎవరి ఎద్దు కుంటుతోందో అక్కణ్ణుంచే చెప్తాడు. వాడి ఎద్దులు ఇప్పుడు ఊళ్లో సాటి బండివాడు రామ్‌దాస్ దగ్గర ఉన్నాయి. పలకరించడానికి ఎవరొచ్చినా ముందు బూడిదరంగు మైల ఎద్దు మెడ ఎట్లుందని అడుగుతాడు. తర్వాతే తన కాలు సంగతి.

"ఏమన్నడక్కా నీ డాక్టరు?"

"ఏమన్లే. కాలు జాపు, కట్టు మారుస్త."

"కోస్తమంటె కోయమను. చెప్పు ఒక్కటే కొనొచ్చు, సగం పైసలు మిగుల్తయి."

"నోర్ముయ్."

"నవ్వుతవేమోనని అన్న." వాడే నవ్వలేదు. కాసేపు ఆగి, "నొగల మీదికి ఎక్కాలంటె ఎడమ కాలే ముందు పెట్టాలక్కా. కుడిదైనా బాగుండు," అన్నాడు.

ఆమె గాజుగుడ్డ తడిపి మెల్లగా ఊడదీసింది. చీము కింద, కట్టు అంచున, ఎప్పటిలాగే పచ్చటి మరక. ఆ మరకను ఆమె ఎన్నో పొద్దుల నుంచి చూస్తోంది. నిజామాబాదు జిల్లాలో పచ్చటి మరకను చూసి ఉలిక్కిపడేవాళ్లు ఎవరుంటారు? ఆ వార్డులో దుప్పట్లకు పసుపు, గోడలకు పసుపు, చూడవచ్చినవాళ్ల వేళ్లకు పసుపు. తల్లి యేసమ్మ కొడుకు దగ్గరే ఉంటూ అన్నం వండిపెడుతోంది. ఆమె చేతులూ అంతే. నందిపేట వైపు పసుపు ఉడకబెట్టే కూలికి పోయే మనిషి. "పసుపు చేతులతోని పుండు ముట్టకే," అని శారమ్మ ఒకసారి కసిరింది కూడా. తర్వాత పట్టించుకోలేదు. పసుపే కదా అనుకుంది.

ఇప్పుడు ఆ మరక మీద ఆమె చూపు ఆగిపోయింది. యేసమ్మ పసుపు కూలికి పోయింది దాసు పడకముందు. వాణ్ణి ఇక్కడ చేర్చినప్పటి నుంచి ఆమె దవాఖాన దాటలేదు. బట్టలు ఉతికింది, గిన్నెలు తోమింది. ఏ పసుపైనా ఇన్నాళ్లు గోళ్లలో అంత పచ్చగా నిలుస్తుందా?

గాజుగుడ్డ ముక్కను కాగితంలో చుట్టి, కొత్త కట్టు కట్టి, శారమ్మ వార్డు వెనక్కి నడిచింది.

*

వెనక రేకుల షెడ్డులో రోగుల తాలూకు వాళ్లు వంటలు చేసుకుంటారు. మధ్యాహ్నం కావస్తోంది. యేసమ్మ ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని పప్పు కలుపుతోంది. పక్కన ఉప్పు, కారం, పసుపు పొట్లాలు. నడుముకు తంబాకు సంచి.

"అవ్వా, నీ సున్నం డబ్బి ఇయ్యి."

యేసమ్మ తలెత్తింది. "తంబాకు ఎప్పటి సంది మొదలువెట్టినవే? నీ డాక్టరు నేర్పిండా?"

"ఇయ్యి."

ఆ గొంతు విని యేసమ్మ మారుమాటాడకుండా డబ్బీ ఇచ్చింది. శారమ్మ బండ మీద రెండుచోట్ల కాస్త కాస్త సున్నం రాసింది. ఒకదాని మీద వంట పసుపు చిటికెడు వేసి వేలితో రుద్దింది. చూస్తుండగానే అది ఎర్రబడింది, పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణిలాగా. రెండోదాని మీద గాజుగుడ్డ అంచును దులిపి రుద్దింది.

పచ్చగానే ఉంది. ఇంకా రుద్దింది. పచ్చగానే ఉంది.

పొయ్యి మీద పప్పు పొంగి నిప్పుల్లో పడి చుర్రుమంది. తల్లి దాన్ని దింపలేదు.

"గిది పసుపు కాదు," అంది శారమ్మ.

"కాదు."

"ఏంది మరి?"

యేసమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ఎరుపూ పచ్చా రంగుల గోలీలు, కొన్ని నిండువి, కొన్ని రెండుగా విప్పి ఖాళీ చేసినవి. "మైల ఎద్దుకు కాడి ఒరుసుకొని మెడంత పుండయితె, దాసే తెచ్చి గివే పగులగొట్టి చల్లిండు. ఫ్యాక్టరీ గేటు కాడ కిరాణంల అమ్ముతరు. బండోళ్లందరు అండ్లనే కొంటరు. చూడొచ్చినోళ్లతోని ఎద్దుకని చెప్పి తెప్పించిన. మానలేదా? ఎద్దుకు మానింది, కొడుక్కు మానదా?"

"ఎన్నాళ్ల సంది?"

"నువ్వు మందు బంద్ వెట్టిన కాడికెల్లి."

"నేను వద్దని చెప్పలేదా నీకు?"

"వద్దని చెప్పినవ్. ఎందుకొద్దో చెప్పినవా?" యేసమ్మ గొంతు పెరగలేదు. ఆమె కోపంలో గొంతు పెంచే మనిషి కాదు. "సూదులు బంద్. గోలీలు బంద్. ఉప్పునీళ్లట. ఉప్పునీళ్లతోని నేను కడగలేనా ఇంటికాడ? మందు బంద్ వెట్టిన్రంటె ఆశ ఇడిసిపెట్టిన్రనే గదా. నువ్వు నర్సమ్మవు, డాక్టరు మాట దాటవు. నేను వాని తల్లిని. పొద్దుగాల నువ్వు డూటీకి రాకముందు జరంత చల్లి, మళ్ల కట్టు సరిజేసిన. వాసన తగ్గలేదా? తగ్గింది. నేను సూసిన."

శారమ్మ పొయ్యి పక్కన కూలబడింది. డాక్టరు చెప్పినదంతా తల్లికి చెప్పాలని నోరు తెరిచింది. మోటరు, బరువు, ఉరకడం నేర్చుకున్న పురుగు. ఇన్ని వారాల్లో ఒక్కపూట కూర్చుని చెప్తే సరిపోయే మాటలు. డాక్టరు తనకు పళ్లేలు చూపించి చెప్పాడు. తను తల్లికి వేలు చూపించి వద్దంది.

"అవ్వా, నువ్వు చల్లింది ఆ మొండి పురుగును సంపలేదు," అంది చివరికి. "దాని సుట్టూ ఉన్న మంచి పురుగులను సంపింది. దానికి తోవ సాపు జేసింది. ఇప్పుడు డాక్టరుకు ఈ సంగతి తెలిస్తె రేపే వాని కాలు తీసేస్తడు. మోకాలు పైన."

యేసమ్మ చేయి కొంగు మీద అట్లాగే ఆగిపోయింది.  ఆమె అడిగింది ఒక్కటే.

"తెలువకపోతే?"

 ఆ ప్రశ్న అప్పటికే ఆమె లోపలా తిరుగుతోంది. ఇప్పుడే ఈ గోలీలు పొయ్యిలో పడేస్తే? రేపటి నుంచి ఒక్క రవ్వ కూడా తగలకపోతే? డాక్టరే అన్నాడు, పళ్లెం తప్పయితే ఆగుతానని. కొన్ని రోజులు దొరుకుతాయి. ఆ రోజుల్లో ఏమైనా కావచ్చు. కాలు ఉంటే దాసు బండివాడు. లేకపోతే ఆ కిటికీ దగ్గర కూర్చుని జీవితాంతం ఇతరుల బండ్లు లెక్కపెట్టే మనిషి.

ఆమె కొంగులోని గోలీలన్నీ పోగుచేసి నిప్పుల్లో పోసింది. పైతొడుగులు ముడుచుకుని, కమురు వాసన లేచింది.

"ఇంకెవరికన్న తెలుసా?"

"లేదు."

"ఇంకెవరికన్న ఇచ్చినవా?"

యేసమ్మ పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగింది. 

"ఇయ్యలే. నేనే అద్దిన," అంది యేసమ్మ. "నవీపేట రాధాబాయి లేదా, మొన్న కాన్పయి ఇంటికి పోయింది. ఆమె అత్త హన్మవ్వ నాతోని గీ షెడ్డులనే వండుకునేది. మనుమనికి బొడ్డుకు పిడక బూడిద వెడ్తనంటె నర్సులు తిట్టిన్రట. ఏం వెట్టాలె అక్కా, పచ్చి బొడ్డు, అని ఏడ్సింది. నేను జరంత అద్దిన. మందంటె భయపడ్తదని నందిపేట పసుపే అని చెప్పిన."

"ఏ పొద్దు?"

"పొయ్యేనాడు, పొద్దుగాల."

"దాసు కట్టు సరిజేసినాకనా?"

"గప్పుడే. చేతుల ఉండె గదా."

"చేతులు కడుక్కున్నవా నడుమ?"

యేసమ్మ తన చేతుల వైపు చూసుకుంది. జవాబు కోసం కాదు. అవి తనవేనా అని చూసుకున్నట్టు చూసుకుంది.

*

రోడ్డు మీంచి ఆటో ఒకటి దవాఖాన ఆవరణలోకి తిరిగి, మెట్ల దగ్గర ఆగింది. శారమ్మ షెడ్డులోంచి వచ్చేసరికి హన్మవ్వ దిగి, గుడ్డలో చుట్టిన పసివాణ్ణి రొమ్ముకు అదుముకుని మెట్లెక్కుతోంది. వెనక రాధాబాయి, బాలింత, గోడ పట్టుకుని నడుస్తోంది. పిల్లవాడు ఏడవడం లేదు. అదే శారమ్మకు నచ్చలేదు.

డాక్టరు రామస్వామి వరండాలోనే బల్ల మీద పడుకోబెట్టి గుడ్డ విప్పాడు. బొడ్డు చుట్టూ తోలు ఎర్రగా బిగిసి మెరుస్తోంది. మధ్యలో ఎండిన పచ్చటి పెచ్చు.

"పొద్దటి సంది పాలు వడ్తలేడు సారూ," అంది హన్మవ్వ. "ఒళ్లు కాలుతున్నది."

"బొడ్డుకు ఏమన్న పెట్టిన్రా?"

"బూడిద పెట్టలే సారూ, మీరు వద్దన్నరని. జర పసుపు, గంతే."

"పసుపే గదా?"

"పసుపే సారూ. నందిపేట పసుపు."

డాక్టరు పిల్లవాడి కనురెప్ప ఎత్తి చూశాడు, పొట్ట మీద చేయి వేసి చూశాడు. "చూస్తె మామూలు బొడ్డు పుండే అనిపిస్తున్నది. మామూలు సూదితోనే మొదలువెడ్దాం. దాసుకు వేసిన గట్టి సూది గింత పసిగుడ్డుకు వెయ్యాలంటె భయం, చెవులు పోతయి. రెండు రోజులు దీంతోని చూసి, తగ్గకపోతె అప్పుడు ఆలోచిద్దాం." ఆయన సీసా మూత తుడిచి, మందు లాగడం మొదలుపెట్టాడు. "శారమ్మా, కాలు పట్టుకో."

శారమ్మ పసివాడి కాలు పట్టుకుంది. అది ఆమె అరచేతిలో చింతగింజంత మడమతో నిప్పులా కాలుతోంది. రెండు రోజులు. అలమారలోని ఏ మందుకూ లొంగని పురుగుకు, ఇప్పుడు ఉరకడం కూడా నేర్చిన పురుగుకు, ఇంత పొట్టలో రెండు రోజులు. అక్కడున్న వాళ్లలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఆమె ఒక్క మాట చెప్తే డాక్టరు చేతిలో సూది మారుతుంది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాల్సి వస్తుంది. చెప్పాక దాసు కాలు రేపటితో పోతుంది.

వార్డు కిటికీలోంచి దాసు ఎవరి బండినో పలకరిస్తున్న కేక వినిపించింది.

"సార్," అంది శారమ్మ.

వెనక నుంచి ఒక చేయి ఆమె మోచేతిని పట్టుకుంది. పచ్చటి గోళ్లు. పట్టు గట్టిగా లేదు.

"శారా," అంది యేసమ్మ, ఆమెకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా. "వాడు నీ తోడవుట్టినోడు బిడ్డా."

డాక్టరు సూదిని వెలుతురుకు ఎత్తి, గాలి బుడగ తీసేసి, పసివాడి తొడ మీదికి వంగినవాడు ఆగి తలెత్తాడు.

"ఏంది శారమ్మా? చెప్పు."